‘ఎంటర్ ది డ్రాగన్’: యాభై ఏళ్లు దాటినా తెగని తగువు

1973లో వచ్చిన ‘ఎంటర్ ది డ్రాగన్’ గురించి ఎవరిని కదిపినా రెండు తీర్పుల్లో ఏదో ఒకటి వినిపిస్తుంది. కుంగ్‌ఫూ సినిమా అంటే అదేననీ, దాని ముందు మరేదీ నిలవదనీ మొదటి తీర్పు. బ్రూస్ లీ హీరోగా పూర్తిచేసిన నాలుగు కుంగ్‌ఫూ సినిమాల్లో అన్నిటికంటే పలచనిది అదేనని రెండోది. ఈ రెండో మాట అనేవాళ్లు లీ అంటే గిట్టనివాళ్లు కారు. వాళ్లలో చాలామంది అతన్ని ఆరాధించేవాళ్లే. ఏళ్లు గడిచేకొద్దీ జాతి వివక్ష, వలసపాలన, హాలీవుడ్ వ్యాపారం, నిజమైన పోరుకూ తెరమీది పోరుకూ ఉన్న తేడా వంటి ప్రశ్నలు కూడా వచ్చి ఈ తగువులో చేరాయి. ఒకరు కథ గురించి అడిగితే ఇంకొకరు లీ వేగం గురించి జవాబిస్తారు. ఒకరు వేగం గురించి మాట్లాడితే మరొకరు చరిత్ర తవ్వుతారు. ఎవరి వాదం ఏ ప్రశ్నకు జవాబో ముందుగా విడదీసి చూడటం అవసరం.

సినిమా తయారైన తీరు

అభిప్రాయాలు ఇంతగా చీలిపోవడానికి బీజం సినిమా పుట్టుకలోనే ఉంది. లీ 1940లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు, హాంకాంగ్‌లో పెరిగాడు, ఇప్ మాన్ గురువు దగ్గర వింగ్ చున్ నేర్చుకున్నాడు. 1959లో అమెరికా తిరిగి వెళ్లాడు. ‘ది గ్రీన్ హార్నెట్’ టీవీ ధారావాహికలో కేటో వేషంతో పేరొచ్చినా హాలీవుడ్ అతనికి హీరో వేషం ఇవ్వలేదు. 1971లో హాంకాంగ్‌లో రేమండ్ చౌ నడిపే గోల్డెన్ హార్వెస్ట్ సంస్థకు ‘ది బిగ్ బాస్’ చేశాడు. మరుసటి ఏడాది ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’, ఆ వెనకే తానే రాసి దర్శకత్వం వహించిన ‘వే ఆఫ్ ది డ్రాగన్’ వచ్చాయి. ఈ మూడింటితో ఆసియా అంతటా అతను తిరుగులేని తార అయ్యాడు. అప్పుడే వార్నర్ బ్రదర్స్ ముందుకొచ్చింది.

1973 మొదటి నెలల్లో హాంకాంగ్‌లో చిత్రీకరణ జరిగింది. బడ్జెట్ సుమారు ఎనిమిదిన్నర లక్షల డాలర్లు. ఆనాటి హాలీవుడ్ లెక్కలో ఇది చిన్న మొత్తమే. నిర్మాతలు ఫ్రెడ్ వైన్‌ట్రాబ్, పాల్ హెల్లర్. రేమండ్ చౌతో కలిసి లీ పెట్టుకున్న కాంకర్డ్ సంస్థకూ నిర్మాణంలో భాగం ఉంది. దర్శకుడు రాబర్ట్ క్లౌజ్, రచయిత మైఖేల్ ఆలిన్. పోరాటాలన్నీ కూర్చింది మాత్రం లీ. ఆలిన్‌తో అతనికి పొసగలేదు. కథ తను చెప్పదలచుకున్న దానికి చాలదని లీ పట్టుబట్టి కొన్ని సన్నివేశాలు చేర్పించాడు. సమ్మో హంగ్‌తో తలపడే మొదటి పోటీ, శిష్యుడికి వేలినీ చంద్రుడినీ చూపి చెప్పే పాఠం, షావోలిన్ మఠాధిపతితో సంభాషణ అతను తెచ్చినవే. చూసేవాళ్లు గుర్తు తెచ్చుకునే ఘట్టాల్లో ఎక్కువ భాగం ఇలా చేరినవో, లీ కూర్చిన పోరాటాలో కావడం గమనించాలి. ఒకే సినిమాలో క్లౌజ్, ఆలిన్ తీసిన గూఢచారి కథ ఒకటి, దాని లోపల లీ తీసుకున్న సొంత సినిమా ఒకటి ఉన్నాయి. మొదటిదాన్ని చూసేవాళ్లకు లోపాలు కనిపిస్తాయి, రెండోదాన్ని చూసేవాళ్లకు గొప్పతనం కనిపిస్తుంది.

తొలి ఆటల నాటి తేడా

1973 జూలై 20న లీ హాంకాంగ్‌లో చనిపోయాడు. వయసు 32. సినిమా అమెరికాలో ఆగస్టులో, హాంకాంగ్‌లో అక్టోబరులో విడుదలైంది. అమెరికాలో పెట్టుబడికి ఎన్నో రెట్లు వసూలు చేసింది. దానికి నేల ముందే సిద్ధమై ఉంది. అదే ఏడాది మార్చిలో షా బ్రదర్స్ వారి ‘కింగ్ బాక్సర్’ను వార్నర్ సంస్థే ‘ఫైవ్ ఫింగర్స్ ఆఫ్ డెత్’ పేరుతో అమెరికాలో వదిలింది. అది బాగా ఆడి కుంగ్‌ఫూ మోజుకు తెర తీసింది.

హాంకాంగ్ లెక్క వేరు. అక్కడ ‘వే ఆఫ్ ది డ్రాగన్’ సుమారు 53 లక్షల హాంకాంగ్ డాలర్లు, ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ సుమారు 44 లక్షలు రాబట్టాయి. ‘ఎంటర్ ది డ్రాగన్’ 33 లక్షల దగ్గర ఆగిపోయింది. అంటే లీ మొదటి కుంగ్‌ఫూ సినిమా ‘ది బిగ్ బాస్’ స్థాయి. అదే ఏడాది కాంటనీస్ హాస్యచిత్రం ‘ది హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్’ 56 లక్షలు దాటి అందరినీ వెనక్కి నెట్టింది. 33 లక్షలు తక్కువేమీ కాదు. కానీ అభిమాన నటుడు చనిపోయిన మూడు నెలలకు వచ్చిన చివరి పూర్తి సినిమాకు జనం విరగబడాలి కదా? అలా జరగలేదు. అది ఊరివాళ్లకు పరాయి సినిమాగా తోచిందనేవాళ్లున్నారు. లీ మరణం చుట్టూ రేగిన వదంతులు దెబ్బతీశాయనేవాళ్లున్నారు. ప్రేక్షకుల అభిరుచి కాంటనీస్ హాస్యం వైపు మళ్లడమే కారణమనేది మూడో మాట. మూడూ కొంతకొంత నిజం కావచ్చు, ఏ పాలు ఎంతో తేల్చే ఆధారం లేదు. ఒక్కటి మాత్రం కచ్చితం. ఈ సినిమాను లీ శిఖరంగా నిలబెట్టింది మొదట అమెరికా, ఆ తర్వాత మిగతా ప్రపంచం. సొంత ఊరు ఆ తీర్పును ముందుగా ఇవ్వలేదు.

కథ మీద ఫిర్యాదు

ఇక్కడ పెద్ద వాదమేమీ లేదు. కథ అరువు సరుకని మెచ్చేవాళ్లూ ఒప్పుకుంటారు. సొంత ద్వీపంలో కోట కట్టుకున్న దుర్మార్గుడు, నేల కింద మాదకద్రవ్యాల కర్మాగారం, తెగిపోయిన చేతికి బదులు ఇనుప చెయ్యి, ఒళ్లో తెల్ల పిల్లి. 1962 నాటి ‘డాక్టర్ నో’ నుంచి జేమ్స్ బాండ్ సినిమాలు చూస్తూ వచ్చినవాళ్లకు ఇందులో కొత్తదనం కనిపించదు. ద్వీపంలో తుపాకులు ఎందుకు ఉండవో పాత్రలు కూర్చుని వివరించుకోవలసి వస్తుంది. జూదంలో అప్పుపడ్డ రోపర్‌గా జాన్ సాక్సన్, వియత్నాం యుద్ధం చేసొచ్చిన విలియమ్స్‌గా జిమ్ కెల్లీ కథలో సమాన భాగం పంచుకుంటారు. తెల్ల నటుడు పక్కన లేకుండా ఒక్క లీ మీదే సినిమాను నిలబెట్టే ధైర్యం నిర్మాతలకు లేకపోయిందని విమర్శకులు అంటారు. చిత్రం అమరిక చూస్తే ఆ మాట కాదనలేం.

దీనికి అభిమానులిచ్చే జవాబు కూడా తీసిపారేయదగింది కాదు. పోటీ కోసం అందరూ ఒక ద్వీపానికి చేరడమనే చట్రం సులువైనది కావడం వల్లే తర్వాతివాళ్లు దాన్ని అందిపుచ్చుకున్నారు. 1988 నాటి ‘బ్లడ్‌స్పోర్ట్’ వంటి పోటీ సినిమాలు, 1992లో మొదలైన ‘మోర్టల్ కాంబాట్’ వంటి వీడియో ఆటలు ఆ చట్రంలోనే పెరిగాయి. 1977లోనే ‘ద కెంటకీ ఫ్రైడ్ మూవీ’ దీన్ని సన్నివేశం వెంట సన్నివేశంగా పేరడీ చేసింది. జనానికి కంఠతా వచ్చిన సినిమాకే అలాంటి పేరడీ నప్పుతుంది.

పోరాటాలు: అసలు గొడవ ఇక్కడే

కుంగ్‌ఫూ సినిమాలను నిష్ఠగా చూసేవాళ్ల ప్రధాన అభ్యంతరం ఒకటే: ఈ సినిమాలో లీకి ఉజ్జీ లేడు. ‘వే ఆఫ్ ది డ్రాగన్’లో రోమ్ కొలోసియం మధ్య చక్ నోరిస్‌తో జరిగే పోరును వాళ్లు ఉదాహరణగా చూపుతారు. అక్కడ లీ ముందు దెబ్బలు తింటాడు, కిందపడతాడు, తన తీరు మార్చుకుంటాడు, అడుగుల లయ మారుస్తాడు, అప్పుడు గాని గెలవడు. ఆ పోరుకు ఒక ఎత్తుగడ, ఒక మలుపు, ఒక ముగింపు ఉన్నాయి. చివర ఓడినవాడి శవం మీద లీ అతని దుస్తులు కప్పే గౌరవం కూడా ఉంది. ‘ఎంటర్ ది డ్రాగన్’లో అలాంటి పూర్తి ద్వంద్వం లేదు. బాబ్ వాల్ వేసిన ఒహారా మొదటి దెబ్బకే నేల కరుస్తాడు. ప్రతినాయకుడు హాన్‌గా వేసిన షి కియెన్‌కు అప్పటికి అరవై ఏళ్లు.

షి కియెన్ గురించి ఇక్కడ కొంచెం ఆగాలి. 1949లో మొదలైన నలుపు తెలుపు వాంగ్ ఫే హంగ్ చిత్రాల్లో క్వాన్ తక్ హింగ్‌కు ఎదురు నిలిచిన ప్రతినాయకుడు ఈయనే. హాంకాంగ్ ప్రేక్షకులకు ఆ ముఖం కనబడితే చాలు, ఒక తరం కుంగ్‌ఫూ చరిత్ర కళ్లముందు కదులుతుంది. పాత కాలపు దుష్టుడిని కొత్త కాలపు వీరుడు ఎదుర్కోవడంలో వాళ్లకు అందే అర్థం అమెరికా ప్రేక్షకుడికి అందదు. పైగా ఇంగ్లీషు ప్రతిలో ఆయన గొంతు కూడా ఆయనది కాదు, కీ ల్యూక్ అనే మరో నటుడిది. హాన్ బలహీనమైన ప్రత్యర్థి అన్న ఫిర్యాదులో నిజం ఉంది. కానీ ఆ ఎంపిక వెనకున్న గౌరవాన్ని చూడకుండా ఫిర్యాదు చేయడం న్యాయం కాదు.

రెండో అభ్యంతరం కెమెరా గురించి. హాంకాంగ్ దర్శకులు పోరును తల నుంచి కాలివేళ్ల దాకా ఒకే చట్రంలో చూపేందుకు ఇష్టపడతారు. 1978లో లావ్ కార్ లుంగ్ తీసిన ‘ది 36త్ చాంబర్ ఆఫ్ షావోలిన్’ చూసినవాళ్లకు ఆ పద్ధతి విలువ తెలుస్తుంది. క్లౌజ్ కెమెరా తరచు దగ్గరికి జరిగి దెబ్బ తగిలే చోటును తప్పించేస్తుంది. నేలమాళిగ పోరులో లీ ఒకరి తర్వాత ఒకరిని పడగొడుతున్నప్పుడు కూడా గుంపులో కదలిక కొంత గజిబిజి అవుతుంది. అదే ఘట్టంలో యువకుడైన జాకీ చాన్ మెడ లీ చేతిలో విరుగుతుంది. అతన్ని వెతుక్కోవడానికే మళ్లీ మళ్లీ చూసేవాళ్లున్నారు.

ఎదుటి పక్షం వాదం ఇది. లీ ఇక్కడ పోరును ఉత్కంఠ కోసం కూర్చలేదు. నైపుణ్యం పూర్తిగా పండినవాడు ఎలా ఉంటాడో చూపాలనుకున్నాడు. ఒహారాతో పోరు మొదలయ్యే తీరు చూడండి. ఇద్దరి మణికట్లూ తాకి ఉంటాయి, కదలిక లేదు, మరుక్షణం ఒహారా కింద ఉంటాడు. లేస్తాడు, మళ్లీ పడతాడు. ఏం జరిగిందో కన్ను పట్టుకోలేదు. ఆ తర్వాత పగిలిన సీసాలతో వచ్చిన ఒహారా మీదికి దూకి తొక్కినప్పుడు కెమెరా దెబ్బను వదిలి లీ ముఖం మీద నిలుస్తుంది. కోపం, ఒహారా మనుషులు తరమగా ప్రాణం తీసుకున్న చెల్లెలి తాలూకు దుఃఖం, చేసిన పని మీద వణుకు అన్నీ ఆ ముఖంలో కలగలిసి నెమ్మదిగా కదులుతాయి. కుంగ్‌ఫూ సినిమాల్లో గెలిచినవాడి ముఖం ఇంత బాధగా కనిపించిన సందర్భాలు అరుదు. ఈ ఘట్టం ఒక్కటి చాలు, లీని ఉత్త పోరాటగాడిగా కొట్టిపారేసేవాళ్లకు జవాబు చెప్పడానికి.

నిజమైన పోరుకు ఏది దగ్గర అన్న ప్రశ్న కూడా ఇక్కడే పుట్టింది. మొదటి పోటీలో లీ, సమ్మో హంగ్ చిన్న చేతితొడుగులతో తలపడతారు. గుద్దులు, తన్నులు, విసుర్లు, చివరికి కీలు బిగించి ఓటమి ఒప్పించడం ఉంటాయి. 1993లో యూఎఫ్‌సీ పోటీలు మొదలయ్యాక మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అభిమానులు ఇరవై ఏళ్ల ముందరి ఆ సన్నివేశాన్ని తమ ఆటకు నాందిగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. దీనికి ఎదురుగా కొందరు ఒక వాస్తవం గుర్తు చేస్తారు: ఇదే సినిమాలో గాల్లో పల్టీలు కొట్టింది లీ కాదు, చైనీస్ ఒపెరాలో తర్ఫీదు పొందిన యుయెన్ వా. సినిమా పోరు సినిమా పోరే, దాన్ని బట్టి లీ నిజంగా ఎవరిని ఓడించగలడో లెక్కలు కట్టడం వృథా అని వాళ్లంటారు. వాళ్ల మాటే సరైనది. 1964లో ఓక్లాండ్‌లో వాంగ్ జాక్ మాన్‌తో లీకి నిజంగా జరిగిన పోటీ గురించి చూసినవాళ్లు చెప్పిన మాటలే ఒకదానికొకటి పొసగవు. తెర బయట తేలని దాన్ని తెర సాక్ష్యంతో తేల్చలేం.

లీ ఎవరి పక్షాన నిలిచాడు?

పండితుల చర్చలో ఇప్పుడు ఎక్కువ వేడి ఉన్నది ఈ ప్రశ్న దగ్గరే. ముందు సినిమాలతో పోల్చి చూస్తే సమస్య తేటగా కనిపిస్తుంది. ‘ది బిగ్ బాస్’లో లీ థాయ్‌లాండ్ ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే వలస కూలీల మనిషి. ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’లో షాంఘైలో చైనీయులను అవమానించే జపానీయుల మీద తిరగబడ్డ శిష్యుడు, పార్కు గేటు దగ్గర చైనీయులకు ప్రవేశం లేదన్న పలకను తన్ని ముక్కలు చేసినవాడు. ‘వే ఆఫ్ ది డ్రాగన్’లో రోమ్‌లోని చైనా హోటలు పనివాళ్లకు అండగా వచ్చిన పల్లెటూరి యువకుడు. మూడింటిలోనూ అతని వెనక ఒక గుంపు ఉంది, అతని కోపం ఆ గుంపు కోపం. ‘ఎంటర్ ది డ్రాగన్’లో లీ ఒంటరి. అతన్ని పని మీద పంపింది బ్రిటిష్ గూఢచారి అధికారి బ్రైత్‌వైట్. అతను చంపవలసింది షావోలిన్ పేరు చెడగొట్టిన ఒక చైనీయుడిని. హాంకాంగ్ అప్పటికి ఇంకా బ్రిటిష్ ఏలుబడిలోనే ఉంది.

హాంకాంగ్ సినిమా చరిత్ర రాసిన స్టీఫెన్ టియో వంటివారు లీ సినిమాల్లోని చైనా సాంస్కృతిక జాతీయతను ముఖ్యంగా పట్టించుకున్నారు. ఆ కొలతతో చూస్తే ఈ సినిమాలో లీ చేతులు కట్టేసినట్టే. బ్రిటన్‌కు చెందిన పాల్ బౌమన్ లీని సంస్కృతుల మధ్య నిలిచిన మనిషిగా చదువుతారు. ఆ చదువులో పరాయి కథలో ఇరుక్కోవడమే ఆసక్తికరమైన విషయం అవుతుంది. కలకత్తాలో పుట్టిన చరిత్రకారుడు విజయ్ ప్రసాద్ 2001లో ‘ఎవ్రీబడీ వాజ్ కుంగ్‌ఫూ ఫైటింగ్’ రాశారు. అమెరికా నల్లజాతి యువకులకూ ఆసియా యువకులకూ లీ ఉమ్మడి వీరుడు ఎలా అయ్యాడో, తెల్లవాడి ఆధిపత్యం మీద ధిక్కారానికి ఆ ఉత్త చేతులు ఎలా గుర్తయ్యాయో ఆయన వివరించారు.

ఈ మూడు చదువులూ పైకి కనిపించేటంత విరుద్ధం కావు. టియో మాట్లాడేది సినిమాలు ఏ నేల నుంచి పుట్టాయన్న దాని గురించి, ప్రసాద్ మాట్లాడేది వాటిని ఎవరు ఎలా తీసుకున్నారన్న దాని గురించి. సినిమా కథ బ్రిటిష్ అధికారి తరఫున నిలబడినా హార్లెంలోనో కలకత్తాలోనో చూసిన కుర్రాడు ఆ అధికారిని ఇంటికి తీసుకెళ్లలేదు. లీని తీసుకెళ్లాడు. అయినా వలసపాలన కోణంలోంచి వచ్చిన విమర్శను అభిమానులు ఒప్పుకోవలసినంత ఒప్పుకోవడం లేదు. ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ హీరో ఏడాది తిరిగేసరికి సామ్రాజ్యపు ఏజెంటు కావడం చిన్న మార్పు కాదు. అంతర్జాతీయ తెరకెక్కడానికి లీ కట్టిన సుంకం అది.

విలియమ్స్, సు లిన్

జిమ్ కెల్లీ పాత్ర గురించి నల్లజాతి ప్రేక్షకుల్లో అభిమానం, అసంతృప్తి రెండూ ఉన్నాయి. తనను వేధించిన తెల్ల పోలీసులను కొట్టి వాళ్ల కారులోనే వెళ్లిపోయే విలియమ్స్, హాంకాంగ్ రేవులో పడవల మీద బతికే పేదలను చూసి మురికివాడ ఎక్కడైనా ఒకటేనని గుర్తుపడతాడు. సినిమా మొత్తంలో వర్గం గురించి, జాతి గురించి సూటిగా మాట్లాడే మనిషి అతనొక్కడే. అతన్నే హాన్ చంపి గొలుసుకు వేలాడదీస్తాడు, రోపర్ బతికి బయటపడతాడు. అయినా కెల్లీకి దొరికిన పేరు ఆ పాత్రను దాటి పోయింది. మరుసటి ఏడాదే క్లౌజ్ దర్శకత్వంలోనే ‘బ్లాక్ బెల్ట్ జోన్స్’లో అతను హీరో అయ్యాడు.

లీ చెల్లెలు సు లిన్‌గా ఏంజెలా మావో కనిపించేది కొద్ది నిమిషాలు. అప్పటికే గోల్డెన్ హార్వెస్ట్‌లో ‘హాప్‌కిడో’, ‘లేడీ వర్ల్‌విండ్’ వంటి సినిమాలకు నాయిక ఆమె. ఒహారా మనుషులను ఒక్కొక్కరినీ కొట్టుకుంటూ సందుల్లో వెనక్కి జరిగి, దారులన్నీ మూసుకుపోయాక గాజుపెంకుతో ప్రాణం తీసుకుంటుంది. ద్వీపంలోని మిగతా స్త్రీలను హాన్ అతిథులకు కానుకలుగా పంపుతాడు. స్త్రీల విషయంలో సినిమా నీచంగా ఉందన్న విమర్శకు ఎదురు చెప్పడానికి ఏమీ లేదు.

మరణం, తొలగించిన దృశ్యం

లీ బతికుండి ఈ సినిమా విడుదల చూసుంటే దాని స్థానం ఇదేనా? సగం వాదాలు ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతాయి. మరణం వల్ల ఇది చివరి మాట అయింది. తర్వాత బ్రూస్ లై, బ్రూస్ లే వంటి పేర్లతో వచ్చిన నకళ్ల వరదలో అసలు విలువ ఇంకా పెరిగింది. సగంలో ఆగిపోయిన ‘గేమ్ ఆఫ్ డెత్’ను 1978లో క్లౌజే డూపులతో పూర్తిచేశాడు. దాన్ని చూసినవాళ్లకు ‘ఎంటర్ ది డ్రాగన్’ పరిపూర్ణంగా కనిపించడంలో వింత లేదు.

ఏ ప్రతి చూశారన్నది కూడా తీర్పును మారుస్తుంది. 1973 అమెరికా ప్రతిలో మఠాధిపతితో లీ సంభాషణను తీసేశారు. ‘ఎ టచ్ ఆఫ్ జెన్’లో భిక్షువుగా మెప్పించిన రాయ్ చియావ్ ఆ మఠాధిపతి. ప్రత్యర్థి అనేవాడు లేడనీ, శత్రువు ప్రతిబింబాల వెనక దాక్కుంటాడనీ, ప్రతిబింబం పగలగొడితే శత్రువు పడతాడనీ ఆ మాటల సారం. 1998లో 25 ఏళ్ల సందర్భంగా వచ్చిన ప్రతిలో ఆ దృశ్యం తిరిగి చేరింది. పాత ప్రతి చూసినవాళ్లకు చివరి అద్దాల గది పోరు ఆర్సన్ వెల్స్ 1947 నాటి ‘ది లేడీ ఫ్రమ్ షాంఘై’ నుంచి ఎత్తుకొచ్చిన తమాషాగా తోచింది. కొత్త ప్రతి చూసినవాళ్లకు అదే గది మొదట విత్తిన మాటకు కాసిన కాయ. అద్దాల గదిని అరువు సొమ్మని కొట్టిపారేసినవాళ్లు తమ తీర్పును మరోసారి చూసుకోవాలి. మధ్యలో తెగిన తీగను చూసి పాదును తప్పుపట్టారు వాళ్లు.

తెలుగునాట

తెలుగు ప్రేక్షకులకు లీ కుంగ్‌ఫూ మనిషిగా కంటే కరాటే వీరుడిగా దగ్గరయ్యాడు. మన ఊళ్లలో నేర్పింది ఎక్కువగా కరాటే కావడంతో చైనా, జపాన్ విద్యల మధ్య గీత చెరిగిపోయింది. ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’లో లీ ఎవరి మీద తిరగబడ్డాడో తెలిసినవాళ్లకు ఈ కలగాపులగం ఎంత పెద్దదో అర్థమవుతుంది. సుమన్, భానుచందర్ కరాటే తర్ఫీదుతో తెరమీదికి వచ్చారు. 1996లో ‘అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి’తో పరిచయమైన పవన్ కల్యాణ్ కూడా యుద్ధవిద్యల పేరుతోనే ముందుగా ఆకట్టుకున్నాడు. 2015లో రామ్‌చరణ్ సినిమాకు ‘బ్రూస్‌లీ’ అని పేరే పెట్టారు. లీ మీద అభిమానాన్ని ఎన్నోసార్లు చెప్పుకున్న రామ్‌గోపాల్ వర్మ 2022లో హిందీలో ‘లడ్కీ’, తెలుగులో ‘అమ్మాయి’ పేరుతో ఆ అభిమానాన్నే సినిమాగా తీశాడు.

ఇంత ప్రభావం ఉన్నా తెలుగులో చర్చ మాత్రం లీ వేగం, దేహం, ఆకస్మిక మరణం చుట్టూనే తిరిగింది. సినిమా రాజకీయాల మీద, హాంకాంగ్ సినిమా చరిత్రలో దాని స్థానం మీద మనం మాట్లాడింది తక్కువ. మన ‘ఎంటర్ ది డ్రాగన్’ అంటే నన్‌చాకు తిప్పే నేలమాళిగ, పులి గీరినట్టు ఛాతీ మీద నెత్తుటి చారలు. ఆ జ్ఞాపకం తప్పు కాదు, కానీ అది సినిమాలో ఒక పాలు మాత్రమే.

తేలినవి, తేలనివి

కథ బలహీనమనే విషయంలో అన్ని పక్షాలూ ఒకటే. లీ కూర్చిన ఘట్టాలు సినిమాను నిలబెట్టాయన్న దాంట్లోనూ భేదం లేదు. ద్వంద్వయుద్ధాల నిర్మాణంలో ‘వే ఆఫ్ ది డ్రాగన్’ మెరుగు, ఆవేశంలో ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ మెరుగు. ప్రభావంలో మాత్రం ‘ఎంటర్ ది డ్రాగన్’కు సాటి రాగల కుంగ్‌ఫూ సినిమా లేదు. 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ చలనచిత్ర పట్టికలో దీన్ని చేర్చింది కూడా ఆ ప్రభావం వల్లే.

తేలనివి మూడు. హాంకాంగ్ వసూళ్లు తగ్గడానికి అసలు కారణం ఏమిటన్నది మొదటిది. దర్శకత్వం పూర్తిగా లీ చేతికిచ్చి ఉంటే ఈ సినిమా ఏ రూపం తీసుకునేదన్నది రెండోది. ‘వే ఆఫ్ ది డ్రాగన్’ను బట్టి అది ఇంకా హాస్యంగా, ఇంకా చైనీస్‌గా ఉండేదని ఊహించవచ్చు గాని అలాంటి సినిమాను వార్నర్ ప్రపంచమంతటా వదిలేదా అన్నది అనుమానమే. మూడోది అన్నిటికంటే కష్టమైనది. బ్రిటిష్ ఏజెంటు వేషం కట్టడం లీ ఓటమా, లేక ఆ వేషం లోపల తన మాట తాను చెప్పుకోగలగడం గెలుపా? నా మట్టుకు రెండో పక్షానికే మొగ్గుతాను. శిష్యుడికి చెప్పే ఆ చిన్న పాఠం, మఠాధిపతితో మాటలు, ఒహారాను చంపాక ఆ ముఖం. ఈ మూడింటినీ ఏ గూఢచారి కథా అడగలేదు. లీ తనంత తాను తెచ్చిపెట్టాడు. అవి ఉన్నంతవరకు ఈ సినిమా అతనిదే.

ఈ వాదంలోకి కొత్తగా దిగేవాళ్లు ముందు ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’, తర్వాత ‘వే ఆఫ్ ది డ్రాగన్’ చూడండి. ఆ మీదట ‘ఎంటర్ ది డ్రాగన్’ను మఠాధిపతి దృశ్యం ఉన్న 1998 ప్రతిలోనే చూడండి. వీలైతే ఏంజెలా మావో ‘హాప్‌కిడో’ కూడా వెతికి చూడండి. అప్పుడు మీరిచ్చే తీర్పు ఏదైనా దానికి విలువ ఉంటుంది.